లీజు ఫైల్లో లేని పిట్ట

నాగర్‌కర్నూల్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి జిల్లాల కలెక్టర్లకు, ఆ జిల్లాల గనుల శాఖ, అటవీ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ సంతకానికి వచ్చే క్వారీ ఫైళ్ళ గురించి ఈ ఉత్తరం. నేను డిండి వైపు ఒక ఊళ్ళో బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్ని. సెలవు దొరికితే మెడలో బైనాక్యులర్ వేసుకుని గుట్టలెక్కుతాను. పిచ్చి అనుకున్నా ఫర్వాలేదు, మా ఊళ్ళో అట్లాగే అనుకుంటారు. ఏ గుట్టనూ లీజుకు ఇవ్వొద్దని నేను అడగడం లేదు. ఇచ్చే ముందు ఆ గుట్ట మీద ఏమున్నదో తెలిసినవాళ్ళతో, తగిన కాలంలో, నిజంగా చూపించమని అడుగుతున్నాను. నాకు తెలిసిన క్వారీల విషయంలో అది జరగలేదు.

అడగడానికి కారణం ఒక పిట్ట. పసుపు గొంతు పిగిలి దాని పేరు. కొండ పొద పిగిలి అని కూడా అంటారు. పిగిలిపిట్ట మీకూ తెలిసే ఉంటుంది. నెత్తిన నల్ల తురాయి, తోక కింద ఎర్రమచ్చతో ఇళ్ళ దగ్గర దానిమ్మ చెట్ల మీద, కరెంటు తీగల మీద వాలుతుందే, అది. దానికి ఇది దాయాది. దీనికి తురాయి లేదు. ఒళ్ళు బూడిద రంగు, తలా గొంతూ పసుపు, తోక కింద కూడా పసుపే. మొత్తం కలిపి జానెడు. ఊళ్ళోకి రాదు, తోటల్లోకి రాదు, తీగ మీద వాలదు. రాతి గుట్టల వాలుల్లో, బండల సందుల్లో పెరిగిన పొదల్లోనే దాని బతుకు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కొసకు కొంచెం కేరళ, అంతే. ఆ నాలుగైదు రాష్ట్రాల్లో కూడా ఒక గుట్ట మీద ఉంటుంది, పక్క గుట్ట మీద ఉండదు. 1840లలో నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే డాక్టరు తూర్పు కనుమల్లో దీన్ని చూసి లోకానికి చెప్పాడు. కడప వైపు ఉండే కలివికోడి అనే అరుదైన పిట్టకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ వేసే రెడ్ లిస్టులో ఈ పిట్ట వల్నరబుల్ వర్గంలో ఉంది. అంతరించే ప్రమాదం ఉన్న జీవులకు ఆ లిస్టులో మూడు మెట్లు. మొదటిది వల్నరబుల్, దాని పైన ఎండేంజర్డ్, ఆపైన క్రిటికల్లీ ఎండేంజర్డ్. మన అమ్రాబాద్ పులి రెండో మెట్టు మీద ఉంది, కలివికోడి మూడో మెట్టు మీద ఉంది. మొదటి మెట్టే కదా, తొందరేముంది అని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. నాకు తెలిసినంతలో పని తేలిగ్గా, చవకగా అయ్యేది ఈ మెట్టు మీదే. మూడో మెట్టు దాకా పోయాక ఏం జరుగుతుందో కడప జిల్లాలో చూశాం.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. కలివికోడిని 1900లో అనంతపురం వైపు చూశాక మళ్ళీ ఎవరూ చూడలేదు. లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతున్నారు సరే, చివరికి పిట్టను పట్టి తెచ్చింది మాత్రం రాత్రిపూట అడవిలో తిరిగే ఒక ఊరి మనిషి. అప్పటికి ఆ చుట్టుపక్కలే తెలుగుగంగ కాలువ రావలసి ఉంది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. అయినా 2005లో కాలువ కోసం యంత్రాలు ఆ పిట్ట తిరిగే పొదలనే తవ్వాయి. గొడవయింది, పని ఆగింది, కాలువ దారి మార్చాల్సి వచ్చింది, కొత్తగా భూమి సేకరించాల్సి వచ్చింది. పిట్టకు నష్టం, సర్కారుకు ఖర్చు. పొద ఎక్కడున్నదో మ్యాపులో ముందే గుర్తు పెట్టి ఉంటే ఇందులో సగం తిప్పలు తప్పేవి. కలివికోడిదీ ముళ్ళపొదే, మన పిగిలిదీ ముళ్ళపొదే. కాగితం మీద ఆ పొదకు విలువ లేకపోవడమే రెండింటికీ వచ్చిన కష్టం.

పహాణీ తీసి చూడండి. ఇట్లాంటి నేలను సర్కారు గుట్ట అనో, పోరంబోకు అనో, సాగుకు పనికిరాదనో రాసి ఉంటుంది. శిస్తు వసూలు చేసేవాడి కంటికి అది నిజమే, ఆ గుట్ట మీద జొన్న పండదు. కానీ శిస్తు కోసం రాసుకున్న మాట పట్టుకుని, అక్కడ ఏమీ లేదని ఇవాళ లీజు ఇస్తున్నాం. అటవీ శాఖ చేతిలో ఉన్న గుట్టకు ఎంతో కొంత కాపలా ఉంది. రెవెన్యూ గుట్టకు ఎవరున్నారు?

ఇక్కడే మన ప్రాంతం సంగతి వేరుగా చూడాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎక్కువ, నల్లగొండలో కొంత. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ఏరియా. పసుపు గొంతు పిగిలికి నల్లమల పాత ఇల్లు, అక్కడ పులి పేరు మీద దానికీ కాస్త నీడ దొరుకుతున్నది. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు అచ్చంపేట, అమ్రాబాద్, పదర జనం రోడ్డెక్కారు. చెంచుపెంటల నుంచి హైదరాబాద్ దాకా గొంతు కలిసింది. ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. అంతకుముందు లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గని వద్దని నల్లగొండ వాళ్ళు కొట్లాడారు. కాబట్టి పెద్ద అడవికి పెద్ద ముప్పు వస్తే అడిగేవాళ్ళు ఉన్నారు. నాకు భయం పెద్ద అడవి గురించి కాదు.

నల్లమల రాయి గ్రానైట్ కాదు, ఎక్కువగా క్వార్ట్జైట్, పలకలు పలకలుగా ఉండే రాయి. అడవి దిగి కల్వకుర్తి, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ వైపు వస్తే గ్రానైట్ మొదలవుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి బండలు. దేవరకొండ కోట, పానగల్ కోట, కోయిలకొండ కోట, ఖిల్లా ఘనపురం, నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట, అన్నీ ఈ రాతి మీదే. బండ ఏ జాతిదన్నది పిగిలికి పట్టదు. వాలు ఉండాలి, సందుల్లో నీడా చెమ్మా ఉండాలి, పండ్ల పొదలు ఉండాలి. క్వారీ వాళ్ళకు మాత్రం ఆ తేడా బాగా పడుతుంది. రోడ్లకూ, ఇళ్ళకూ, ఎత్తిపోతల పథకాల కట్టలకూ కావలసిన కంకర, బండ అంతా ఈ గ్రానైట్ గుట్టల నుంచే పోతున్నది. ఈ గుట్టలకు పులి లేదు, చెంచుపెంట లేదు, తీర్మానం లేదు. ఎప్పుడైనా ఒక చిరుత గుట్టెక్కి కనబడితే నాలుగు రోజులు టీవీలో వస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే.

ఆ పిట్ట ఉండే చోటు ఎట్లా ఉంటుందో ఒక్కసారి చెప్పనివ్వండి. ఏ గుట్టో రాయను. రాస్తే వచ్చే ఆదివారానికల్లా కెమెరాలతో దిగి, ఫోన్లో దాని కూత పెట్టి పిలిచేవాళ్ళు తయారవుతారు, గూడు పెట్టే కాలంలో అది ఇంకో హింస. నల్లమల అంచున ఒక వాలు అనుకోండి. పైనుంచి ఒర్రె దిగుతుంది, ఎండాకాలంలో నీళ్ళుండవు కానీ బండ కింద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. రెండు పెద్ద బండల మధ్య జువ్విచెట్టు, దాని వేళ్ళు బండను పట్టుకుని కిందికి దిగి ఉన్నాయి. చుట్టూ బలుసు, పురుగుడు, దేవదారి పొదలు. ఎండ ముదరకముందే పొదలో గొణుగుడు మొదలవుతుంది. ముందు తుళ్ళిపడే నాలుగైదు స్వరాలు, ఆపైన అంతా గజిబిజి. మామూలు పొద పిగిలి అనే ఇంకో దాయాది కూత కూడా దగ్గర దగ్గర ఇట్లాగే ఉంటుంది, అందుకే చెవిని నమ్మలేం, కంటితో చూడాలి. చూద్దామంటే బయటికి రాదు. కొమ్మ కదులుతుంది, ఆకు కదులుతుంది, పిట్ట కనబడదు. చివరికి ఒక పురుగుడు పండు కోసం కొమ్మ కొసకు వచ్చింది. తల పసుపు, గొంతు పసుపు, పండు నోట పెట్టుకుని బండ సందులోకి మాయం. కొమ్మ మీద ఉన్నది రెండు క్షణాలో మూడు క్షణాలో. నాతో వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల "గింతేనా సార్" అన్నది. గింతే. ఆ పిట్ట తిన్న పండు గింజ ఇంకో బండ సందులో పడుతుంది. ఎవరూ గుంత తీసి నాటలేని చోట పొదలు మొలిచేది ఇట్లాంటి పిట్టల వల్లే.

ఇంతకంటే ఎక్కువ ఏం చూడాలని మిమ్మల్ని అడుగుతున్నానంటే, ఈ రెండు మూడు క్షణాలు దొరికేదాకా కూర్చునే మనిషిని పంపమంటున్నాను. జీపు దిగి, గుట్ట కింద నిలబడి, మధ్యాహ్నం పన్నెండింటికి చుట్టూ చూసి రాసే నివేదికలో ఈ పిట్ట ఉండదు. ఉండే అవకాశమే లేదు.

ఆమధ్య ఒక క్వారీ ప్రతిపాదనకు సంబంధించిన పర్యావరణ నివేదిక నా కంటబడింది. ఏ ఊరిదో, ఎవరు తయారుచేశారో ఇక్కడ అనవసరం. పక్షుల పట్టికలో కాకి, పిచ్చుక, పావురం, గోరింక, కొంగ, రామచిలుక ఉన్నాయి. కిలోమీటరు దూరంలో చెరువు లేదు, కుంట లేదు, గుట్ట మీద కొంగకు ఏం పనో నాకు అర్థం కాలేదు. సర్వే ఏ నెలలో చేశారో లేదు, ఎన్ని గంటలకు చేశారో లేదు, ఎవరు చేశారో లేదు. పట్టిక చివర మాత్రం అరుదైన జీవులేవీ ఇక్కడ లేవని ధీమాగా ఒక ముక్క ఉంది. నేను పదో తరగతి పిల్లవాడి రికార్డు ఇట్లా ఉంటే సంతకం పెట్టను. దీనికి మాత్రం సంతకం పడింది.

చట్టం లేక ఇట్లా జరగడం లేదు. చట్టాలు కావలసినన్ని ఉన్నాయి. 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చెప్పింది. అయితే ఆ సైజు లోపు విడి క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టక్కర్లేదు. 5 హెక్టార్లంటే పన్నెండు ఎకరాల పైచిలుకు. ఒక గుట్టను పదేసి ఎకరాల ముక్కలు చేసి, వేరువేరు పేర్ల మీద, వేరువేరు ఏళ్ళలో అడిగితే ఊరివాళ్ళను ఎవరూ ఏమీ అడగకుండానే గుట్ట మొత్తం పోవచ్చు. దీనికి అడ్డుకట్టగానే, 500 మీటర్ల లోపు ఉన్న లీజులను ఒక క్లస్టరుగా కలిపి లెక్కగట్టాలనే నియమం ఉంది. ఆ కొలతను టేపు పట్టి కొలిచేది మీ కింది సిబ్బందే. వాళ్ళు కొలిచిన కాగితం మీద ఎంత గట్టిగా నిలబడతారన్నది మీ మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకొకటి ఉంది, దాని మీదే నాకు ఎక్కువ ఆశ. జిల్లా సర్వే నివేదిక. ఇంగ్లీషులో డీఎస్ఆర్ అంటారు. 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం జిల్లాలో ఎక్కడ ఏ చిన్న తరహా ఖనిజం ఉన్నదో, ఎక్కడ తవ్వవచ్చో, ఎక్కడ తవ్వకూడదో ప్రతి జిల్లా తన నివేదిక తాను తయారుచేసుకోవాలి. ముసాయిదాను కలెక్టరేటులో, జిల్లా వెబ్‌సైటులో 21 రోజులు జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలి. అయిదేళ్ళకోసారి దాన్ని తిరగరాయాలి. 2018లో ఇసుక కాని ఖనిజాలకు వేరే నమూనా కూడా ఇచ్చారు. ఒక్కో క్వారీ ఫైలు వచ్చినప్పుడల్లా కొట్లాడే అవసరం లేకుండా, ఏ గుట్ట ముట్టకూడదో ముందే తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ ఈ నివేదిక సంగతి మా వైపు ఎంతమందికి తెలుసు? మా మండలంలో నేను అడిగిన సర్పంచుల్లో ఒక్కరికీ తెలియదు. ఇంగ్లీషులో ఉండే పీడీఎఫ్‌ను వెబ్‌సైటులో ఏదో మూల పెట్టి 21 రోజులు గడిచాయంటే, రూలు పాటించినట్టే లెక్క.

అందులో గనుల లెక్క బాగానే వస్తుంది. ఎన్ని లీజులు, ఎన్ని టన్నులు, తవ్విన రాయికి సర్కారు వసూలు చేసే సీనరేజి ఎంత వచ్చింది, అన్నీ రూపాయలతో సహా. గుట్ట మీది ప్రాణుల సంగతి కూడా అంత శ్రద్ధగా రాయించండి. ఖర్చు పెద్దగా ఉండదు. ఉస్మానియా, పాలమూరు యూనివర్సిటీల్లో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం విద్యార్థులున్నారు. పక్షుల్ని చూసే మాలాంటి వాళ్ళం ప్రతి జిల్లాలో నలుగురం ఉంటాం. గుట్టకు రెండు కాలాల్లో, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, తెల్లవారుజామున వెళ్ళి చూడాలి. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో పేరూ తేదీ రాయాలి. పసుపు గొంతు పిగిలి కనబడిన గుట్టను, లేదా దానికి తగ్గ ఒర్రెలూ పండ్ల పొదలూ ఉన్న గుట్టను, తవ్వకూడని జాబితాలో పెట్టాలి. ఒకవేళ పిట్ట లేదని తేలితే అది కూడా రాయండి, మాకు అభ్యంతరం లేదు. చూసి లేదనడానికీ చూడకుండా లేదనడానికీ తేడా ఉందని మాత్రమే నా వాదన.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ లేఖ రాయి కొట్టుకు బతికే వడ్డెర కుటుంబాల మీద కాదు. పాలమూరు లేబర్ అనే పేరుతో మన జనం దేశమంతా రాళ్ళు మోశారు, మట్టి తవ్వారు, ఆనకట్టలు కట్టారు. ఇంటి దగ్గర పని దొరికితే వద్దనే హక్కు నెలజీతం తీసుకునే నాకు లేదు. సుత్తి, గునపంతో తీసే రాయికీ, డ్రిల్లు వేసి మందు కూరి పేల్చి హిటాచీలతో టిప్పర్లకెత్తే రాయికీ పోలికే లేదు. మొదటిదానిలో గుట్ట ఒక తరంలో కొంచెం తరుగుతుంది. రెండోదానిలో నేను టీచరుగా చేరినప్పుడున్న గుట్ట ఇప్పుడు గుంత అయింది, అందులో వాననీళ్ళు నిలిచి పోయినేడు ఒక గేదె పడి చచ్చింది. కూలీకి ఇచ్చే గుట్టనూ యంత్రానికి ఇచ్చే గుట్టనూ వేరు చేసి చూడటం మీకు తెలియని పని కాదు.

పేలుళ్ళ వల్ల పోయేది ఆ పదెకరాలే కాదు. క్రషర్‌కు గాలివాలులో ఉన్న బలుసు పొద ఆకును వేలితో తుడిచి చూడండి, వేలికి గోధుమపిండిలా దుమ్ము అంటుతుంది. ఆ దుమ్ము కింద పూత నిలవదు, పండు కాయదు. పండు లేని పొదలోకి పిట్ట ఎందుకొస్తుంది? గుట్టకూ గుట్టకూ మధ్య ఒకప్పుడు తుప్పలున్న బంజరు ఉండేది, ఇప్పుడు పత్తిచేను, ప్లాట్లు, వెంచర్లు. ఒక గుట్ట మీది పొదలు పోతే ఈ పిట్ట కాకిలాగా పక్క ఊరికి పోయి బతకలేదు. అందుకే గుట్ట లెక్కన పోతుంది. ఇవాళ ఈ గుట్ట మీద లేదు, రేపు ఆ గుట్ట మీద ఉండదు, మొత్తంగా ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

క్వారీ ఒక్కటే శత్రువని కూడా అనను. వేసవిలో తునికాకు కోసమో, మేతకు కొత్త గడ్డి రావాలనో, ఊరికే బీడీ పారేసో నిప్పు పెట్టేస్తారు, వాలు మొత్తం నల్లగా మారుతుంది. కట్టెలకు పొదలే దొరుకుతాయి. గుట్ట మీద దేవుడుంటే రోడ్డు కావాలంటారు, రోడ్డొస్తే పార్కింగ్ కావాలంటారు. ఉమామహేశ్వరంలో, సలేశ్వరంలో కొండచరియ కింద ఆ నీడా చెమ్మా చూసినవాళ్ళకు ఎట్లాంటి చోటు ఈ పిట్టకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. జాతర వద్దని ఎవరంటారు? జాతర అయ్యాక ప్లాస్టిక్ ఏరించి, నిప్పు పడకుండా చూస్తే అదే చాలు. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఇంకోటి. తుప్పలు తీసేసి మొక్కలు నాటడం. పురుగుడు, బలుసు, దేవదారి పీకేసి, వాటి చోట ఏదో నర్సరీ మొక్క పెట్టి, ట్రీగార్డు బిగించి, ఫోటో దిగుతారు. ఏడాదికి ట్రీగార్డు మిగులుతుంది. మీ వనమహోత్సవం టార్గెట్లకు గుట్టవాలులను లెక్కలోంచి తీసెయ్యమని కలెక్టర్లుగా మీరు ఒక మెమో ఇస్తే సరిపోతుంది.

ఇది జరగని పని ఏమీ కాదు. పక్క రాష్ట్రాలు చేసి చూపించాయి. తమిళనాడులో మదురై దగ్గర అరిట్టాపట్టి అనే ఊరుంది. మన దేవరకొండ చుట్టుపక్కల ఉన్నట్టే బోడి గుట్టలు, వాటి మధ్య చెరువులు, పాత రాతి గుడి. మదురై జిల్లా గ్రానైట్ క్వారీలకు ఎంత పేరుబడ్డదో మీకు తెలుసు. అక్కడి జనం గుట్టల్ని కాపాడుకున్నారు. 2022 నవంబరులో ప్రభుత్వం అక్కడ సుమారు 193 హెక్టార్లను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ రాష్ట్రంలో అదే మొదటిది. తర్వాత అదే ప్రాంతాన్ని కలుపుకుని టంగ్‌స్టన్ గనికి కేంద్రం వేలం వేస్తే రైతులు రోడ్డెక్కారు, 2025 జనవరిలో వేలం రద్దయింది. కర్ణాటకలో రామనగర దగ్గర రామదేవర బెట్టను 2012లో రాబందుల కోసం అభయారణ్యం చేశారు, అదీ రాతి గుట్టే. దరోజీలో ఎలుగుబంట్ల కోసం కాపాడిన రాతి గుట్టల్లో మన పసుపు గొంతు పిగిలి కూడా హాయిగా ఉంటున్నది.

జీవవైవిధ్య వారసత్వ స్థలం ప్రకటించే అధికారం 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద మన రాష్ట్రానికీ ఉంది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో అట్లా ప్రకటించారు. చెరువుకు ఇచ్చిన గౌరవం గుట్టకు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. అదే చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ ఊరి జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా పంచాయతీ కార్యదర్శిని అడిగితే కమిటీ ఉందనే అన్నాడు. సభ్యులెవరని అడిగితే బీరువా వైపు చూశాడు. పాపం, అతని తప్పు లేదు, పైనుంచి ఎవరూ దాని గురించి అడగరు. మీరు అడగడం మొదలుపెట్టండి. మేకలు కాసేవాళ్ళను, తేనె తీసే చెంచులను, సీతాఫలాలు ఏరే ఆడవాళ్ళను కూర్చోబెట్టి రాయిస్తే ఏ ఒర్రెలో ఏ పిట్ట ఉన్నదో మాకంటే వాళ్ళే బాగా చెబుతారు. కలివికోడిని దొరకబట్టింది కూడా అట్లాంటి మనిషే కదా.

ఈ గుట్టల పక్షుల లెక్క కొత్తగా నేను మొదలుపెట్టింది కాదు. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేయడానికి వచ్చిన సలీం అలీ మన మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర మకాం వేసి పిట్ట పిట్టకూ చోటూ తేదీ రాసిపెట్టుకున్నాడు. తొంభై ఏళ్ళు దాటినా ఆ రాత ఇవాళ్టికీ పనికొస్తున్నది. ఎడ్లబండ్ల కాలంలో అది చేయగలిగారు. డ్రోన్లతో క్వారీల టన్నులు కొలిచే కాలంలో మనం కొంగను గుట్టెక్కిస్తున్నాం.

నేను అడిగేవాటిలో ముందు వెనుకలు మీరు చూసుకోండి. ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. మీ జిల్లా సర్వే నివేదిక ముసాయిదా ఈసారి బయటికి వచ్చేటప్పుడు తెలుగులో పెట్టించండి. 21 రోజుల గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పేపర్లో వేయించండి, గ్రామ పంచాయతీ బోర్డు మీద అంటించండి. మా దగ్గర ఉన్న ఫోటోలు, కూత రికార్డులు, తేదీలు అన్నీ సర్వే నంబర్లతో సహా ఇస్తాం, చోట్లు బయటపెట్టబోమని మీరు మాటిస్తే. సోమవారం ప్రజావాణికి రమ్మన్నా వస్తాం. ఏ కౌంటర్లో ఇవ్వాలో, ఎవరు తీసుకుని రసీదు ఇస్తారో చెప్పించండి. పోయినసారి ఇది మా శాఖ కాదని మూడు కౌంటర్లు తిప్పారు.

ఇట్లు,
డిండి మండలం నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల టీచరు